గదిలోకి రానివ్వని వార్త

మా ఇంట్లో ఆ రోజుల్లో చావు మాట ఎవరెత్తినా అది నా చావు గురించే. ఎదురుగా ఎవరూ అనేవాళ్లు కాదు. నేను లోపలికి రాగానే మాట ఆగిపోయేది. కోరుట్లలో మా అమ్మ బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని, తునికాకు మీంచి చూపు ఎత్తకుండా కత్తెర ఆడించేది. తంగళ్ళపల్లిలో మా అత్తమ్మ నా బిడ్డను ఒళ్లోకి లాక్కుని తల నిమిరేది. మా అన్న అక్కర్లేని చోట కూడా నవ్వేవాడు. నేను పోతే పిల్ల ఎవరి దగ్గర పెరగాలో వాళ్లు మాట్లాడుకున్నారని నాకు తెలుసు. అందులో తప్పేమీ లేదు. నేనూ అదే ఆలోచించేదాన్ని.

నా భర్త గురించి మాత్రం ఎవరికీ ఏ బెంగా లేదు. జ్వరం వచ్చినా పడుకోని మనిషి. గల్ఫ్‌లో భవనాల పని చేస్తున్నాడు. ఆయనకు ఏమైనా అవుతుందేమో అని భయపడాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

మాది మల్లాపూర్ దగ్గరి పల్లె. నాన్న తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ఒకనాడు చెట్టు మీంచి పడ్డాడు, మళ్లీ లేవలేదు. అమ్మ అన్ననూ నన్నూ తీసుకుని కోరుట్ల చేరి, బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. నేను డిగ్రీ దాకా చదివాను. పెళ్లయి తంగళ్ళపల్లి వచ్చాక సిరిసిల్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేదాన్ని. అత్తగారి వాళ్లదీ గీత పని చేసిన కుటుంబమే గానీ, మామగారి కాలంలోనే చెట్లు దిగి సాంచాల మీదికి వచ్చారు. మరమగ్గాలను సిరిసిల్లలో సాంచాలు అంటారు. నా భర్త మీసాలు రాకముందు నుంచే సాంచాల మధ్య పెరిగాడు. ఆ చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ ఆయన గొంతు ఎప్పుడూ పెద్దగానే ఉండేది. ఇంట్లో మంచినీళ్లు అడిగినా పక్కింటివాళ్లు తలుపు తీసేవాళ్లు.

మా బిడ్డ పుట్టిన ఏడాదికి సాంచాలు ఆగడం మొదలైంది. వారంలో సగం రోజులు పని లేదు. తర్వాత ఆయన పనిచేసే షెడ్డు యజమాని మగ్గాలను పాత ఇనుము కింద అమ్మేశాడు. లారీలో వాటిని ఎక్కిస్తుంటే నా భర్త వెళ్లి చేయి వేసి వచ్చాడు. ఇంటికి వచ్చి, "గిన్నేండ్లు నడిపిన సాంచెను నేనే ఎత్తి లారీల ఏసిన," అన్నాడు. కొన్నాళ్లకు, మా వాడలో సగం మంది పోయినట్టే, ఆయనా గల్ఫ్ పోయాడు.

నా జబ్బు దురదతో మొదలైంది. పాఠం చెబుతూ కాళ్లు గోక్కునేదాన్ని. నిద్రలో ఒళ్లంతా చెమట పట్టి, తెల్లారేసరికి జాకెట్టు పిండితే నీళ్లు కారేవి. తర్వాత మెడ పక్కన ఒక గడ్డ తేలింది. నొప్పి లేదు. జగిత్యాలలో డాక్టరు చూసి టీబీ గడ్డ అన్నాడు. నెలల తరబడి మాత్రలు మింగాను. గడ్డ తగ్గలేదు, పక్కన ఇంకొకటి వచ్చింది. అన్న నన్ను హైదరాబాద్ తీసుకెళ్లాడు. అక్కడ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు.

లింఫోమా అని చెప్పారు. తెల్ల రక్తకణాల్లో పుట్టి, ఒంట్లోని గ్రంథుల్లో పెరిగే క్యాన్సర్. అన్న, "టీబీ కాదా సార్? జగిత్యాలల టీబీ అన్నరు," అని అడిగాడు. టీబీ అన్ననాడు ఇంటిల్లిపాదీ ఏడ్చాం. ఇప్పుడు అదే టీబీ అయితే బాగుండునని అన్న బతిమాలుతున్నట్టు అడుగుతున్నాడు. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. నాకు ఆ గదిలో ఉన్న ఫ్యాను తప్ప ఇంకేమీ కనిపించలేదు.

కీమో పెట్టారు. జుట్టు పోయింది, గడ్డలు పోయాయి. జుట్టు మళ్లీ వచ్చింది. నేను మళ్లీ బడికి వెళ్లాను. అందరం ఊపిరి పీల్చుకున్నాం. బిడ్డను ఒకటో తరగతిలో వేసిన ఏడాది, తల దువ్వుకుంటుంటే అదే చోట వేలికి గడ్డ తగిలింది. దువ్వెన పక్కన పెట్టి చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఈసారి వేరే డాక్టరు చూసింది, ఒక మేడం. మళ్లీ కీమో ఇచ్చి గడ్డలు కరిగించాక, మూలకణ మార్పిడి చేయాలంది. గల్ఫ్‌లో ఉన్న నా భర్త కూడా వినేట్టు అన్న ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు.

"ఎవరి కణాలో అక్కర్లేదు. ఈమె కణాలనే ముందు తీసి దాచిపెడతాం," అంది మేడం. "తర్వాత చాలా పెద్ద మోతాదులో మందు ఇస్తాం. ఆ మందుకు జబ్బుతో పాటు ఎముకల్లోని మూలుగ కూడా పోతుంది. అప్పుడు దాచిన కణాలను తిరిగి నరంలోకి ఎక్కిస్తాం. అవే వెళ్లి మూలుగలో కుదురుకుని కొత్త రక్తం తయారు చేస్తాయి. అవి కుదురుకునేదాకా ఒంట్లో తెల్ల కణాలు ఉండవు. చిన్న క్రిమి చేరినా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే వేరే గదిలో ఉంచుతాం."

ఫోన్లోంచి నా భర్త గొంతు ఆస్పత్రి గదంతా మోగింది. "బతుకుతదా మేడం?"

"చాలామంది కోలుకుంటున్నారు. కొందరికి జబ్బు మళ్లీ వస్తుంది. ఆ గదిలోనే పోయినవాళ్లు తక్కువే గానీ, ఉన్నారు. నేను అబద్ధం చెప్పను."

"చేయుండ్రి. నేనస్తున్న," అన్నాడు.

సెలవు పెట్టి వచ్చాడు. కణాలు తీసే ముందు కొన్ని రోజులు నాకు పొట్ట మీద సూదులు వేశారు. ఆ సూదులకు నడుములో, తొడల్లో ఎముకలు లోపలి నుంచి పగిలిపోతున్నట్టు నొప్పి. మూలుగలోని కణాలు రక్తంలోకి రావడానికట. తర్వాత మెడ దగ్గర గొట్టం పెట్టి ఒక యంత్రానికి కలిపారు. నా రక్తం ఒకవైపు నుంచి అందులోకి పోయి, కావాల్సిన కణాలు వేరై, మిగతాది ఇంకోవైపు నుంచి నాలోకి వస్తోంది. నా భర్త స్టూలు జరుపుకుని ఆ యంత్రానికి ఎదురుగా కూర్చున్నాడు. నన్ను చూడటం మాని దాన్నే చూశాడు.

"అచ్చం నూలు కండెలు చుట్టే మిషన్ తీరుగ తిరుగుతుంది," అన్నాడు.

"గట్టిగ మాట్లాడకు. అందరు చూస్తున్నరు."

సాయంత్రానికి సంచిలో పలచటి టమాటా రసంలాంటిది కొంచెం చేరింది. ఆయన నమ్మలేనట్టు టెక్నీషియన్ వైపు చూశాడు. "గింతేనా? గీ సంచి తోటేనా మనిషి బతికేది?" టెక్నీషియన్ నవ్వి అవునన్నాడు. వాళ్లు దాన్ని గడ్డకట్టించే చోటికి తీసుకుపోతుంటే నా భర్త తలుపు దాకా వెంట నడిచి వెళ్లాడు.

నన్ను ఆ గదిలో చేర్చే సమయానికి ఆయన సెలవు అయిపోయింది. కంపెనీ పొడిగించలేదు. ఆ పని పోతే నా వైద్యం ఆగుతుంది. భుజాన సంచితో వార్డుకు వచ్చి, మంచం పక్కన నిలబడ్డాడు.

"రోజు ఫోన్ల కనిపిస్త. నువ్వు బుగులు పడకు."

"నువ్వు యాళ్లకు తిను."

"నా సంగతి ఇడిసిపెట్టు. నాకేమైతది?" అన్నాడు.

గదిలోకి వెళ్లేముందు నర్సు ఒంటి మీద ఏ లోహమూ ఉండకూడదంది. గాజులు తీశాను. మెట్టెలు తీశాను. పుస్తెలతాడు తీయడానికి చేయి పోలేదు. అమ్మే తీసి కొంగున ముడేసుకుంది. అప్పటికే నెత్తి మీద వెంట్రుక లేదు. అద్దంలో చూస్తే నాన్నలా ఉన్నాను.

నా తోడుగా అమ్మనే లోపల ఉండనిచ్చారు. గౌను, టోపీ, మూతికి మాస్కు. అమ్మవి కళ్లు మాత్రమే కనిపించేవి. అన్న అద్దాల తలుపు అవతల నుంచి ఇంటర్‌కమ్‌లో మాట్లాడేవాడు. వరసగా కొన్ని రోజులు మందు ఎక్కించారు. నోరు పుండ్లు పడకుండా మంచు ముక్కలు చప్పరించమన్నారు. అయినా పడ్డాయి. తర్వాత ఒక ఉదయం చల్లదనానికి పొగలు కక్కే డబ్బాలో నా కణాలు తెచ్చి, గోరువెచ్చని నీళ్లలో కరిగించి, గొట్టంలో ఎక్కించారు. అంతా కలిపి మనం భోజనం చేసినంతసేపు. పాడవకుండా కలిపిన మందుకు గదంతా కుళ్లిన వెల్లుల్లి వాసన. నాకేమో నోట్లోనే తెలిసింది ఆ రుచి.

ఆ సాయంత్రం నా భర్త వీడియోలో కనిపించాడు. వెనక రెండంతస్తుల ఇనుప మంచాలు, తీగ మీద ఆరేసిన లుంగీలు. గదిలోని మిగతావాళ్లను గదమాయించాడు. "సప్పుడు చేయకుండ్రిరా, నా పెండ్లానికి కణాలెక్కిచ్చిండ్రు." తర్వాత నా వైపు తిరిగి, "ఎట్లున్నది?" అన్నాడు.

"ఎల్లిగడ్డ వాసనస్తుందట. అమ్మ ముక్కు మూసుకుంటుంది."

"మంచిగైంది. మీ అమ్మ మాంసంల ఎల్లిగడ్డ ఎక్కువనే ఏస్తది."

అమ్మ మాస్కు వెనక నవ్వింది. ఆయన గొంతు వినడం, ఆయన్ని చూడటం అదే ఆఖరని నాకు చాలా రోజుల దాకా తెలియదు.

తర్వాతి రోజులు నాకు ముక్కలుగా గుర్తున్నాయి. తెల్ల కణాలు సున్నాకు పడ్డాయి. జ్వరం వచ్చింది. ఉమ్మి మింగితే గాజు పెంకు మింగినట్టు ఉండేది. ఫోన్ మోగినా ఎత్తే ఓపిక లేదు. ఆ మధ్యలో ఒక పొద్దున అమ్మ నా ఫోన్ తుడుస్తుంటే బకెట్లో పడిందని చెప్పింది. అన్న బాగు చేయించడానికి తీసుకుపోయాడు. అమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఒకటే మిగిలింది.

"ఆయన ఫోన్ చేసిండా?" అని అడిగేదాన్ని.

"చేసిండు. నువ్వు పండుకున్నవ్."

"ఏమన్నడు?"

"రెండు ముద్దలన్న తినమన్నడు."

మర్నాడు అడిగితే, "కొత్త జాగల పనికి తోలిండ్రట. ఆడ సిగ్నల్ లేదట. మెల్లగ తగ్గుతదని చెప్పుమన్నడు," అంది. ఇంకొకనాడు, "లేచి నాలుగడుగులు నడువుమన్నడు," అంది. నేను లేచి మంచం పట్టుకుని నడిచాను. వాంతి వస్తుందని తెలిసినా ముద్ద మింగాను. నేను మెలకువగా ఉన్నప్పుడు ఒక్కసారి చేస్తే ఏం పోయిందని కోపం కూడా వచ్చింది. అమ్మ కళ్లు ఎర్రగా ఉంటే అడిగాను. "గీ మందు వాసనకు మండుతున్నయి బిడ్డా," అంది. అమ్మ నా ఎదుట ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. నమ్మాను.

రెండో వారం గడిచాక ఒక ఉదయం మేడం నవ్వుతూ లోపలికి వచ్చింది. కణాలు కుదురుకున్నాయంది. లెక్క పెరుగుతోందంది. నా భుజం మీద చేయి వేసి, వెంటనే తీసేసి, అమ్మ వైపు చూసింది. ఆ చూపేమిటో నాకు అర్థం కాలేదు. సంతోషంగా ఉన్నాను. ఆయనకు చెప్పమని అమ్మతో అన్నాను. అమ్మ సరేనంది.

గది నుంచి విడుదల చేశాక కొన్ని వారాలు ఆస్పత్రి దగ్గరే ఉండాలన్నారు. అన్న ఒక అద్దె గది చూశాడు. అక్కడికి వచ్చిన కొన్నాళ్లకు రక్త పరీక్ష బాగా వచ్చింది. ఆ మధ్యాహ్నం అమ్మ మెత్తగా వండిన అన్నంలో పప్పుకట్టు కలిపి తెచ్చింది. అన్న గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"నా ఫోన్ ఏమైందన్నా?"

"మొత్తం తిను. తిన్నంక చెప్త," అంది అమ్మ. తిన్నాను. నా చేయి కడిగి, తన కొంగుతో తుడిచి, అలా పట్టుకునే ఉంది.

"బిడ్డా, ఆయన లేడు."

క్యాంపులో లేడు అనుకున్నాను. "యాడ లేడు?"

"యాడా లేడు."

అన్న గోడ వైపు తిరిగి భోరుమన్నాడు. అప్పుడు కూడా నాకు ఏడుపు రాలేదు. "రెండు ముద్దలన్న తినమన్నడు కద," అన్నాను. అమ్మ తల దించుకుంది. "గా మాటలన్ని నేనే అన్న బిడ్డా."

ఆ తర్వాత వాళ్లు చెప్పిందంతా నేను ఎవరిదో సంగతి విన్నట్టు విన్నాను. కణాలు ఎక్కించిన కొద్ది రోజులకే ఆయన నిద్రలో పోయాడు. పొద్దున పనికి లేపబోతే లేవలేదు. వార్త ముందు తంగళ్ళపల్లికి వచ్చింది. మా అత్తమ్మ కొడుకు పోయిన కబురు విని, ఏడ్చి పడిపోయి, లేచి మొదట చేసిన పని అన్నకు ఫోన్ చేయడం. "ఒకడు పోయిండు. దాన్ని గూడ చంపకుండ్రి. దానికి చెప్పకుండ్రి," అందట. అన్న ఇంటర్‌కమ్‌లో అమ్మకు చెప్పాడు. నేను పక్కనే పడుకుని ఉన్నాను. అమ్మ రిసీవర్ పెట్టేసి, నా ఫోన్ తీసుకుని బాత్రూంలోకి వెళ్లి, నీళ్ల బకెట్లో ముంచిందట. తర్వాత గ్లౌజులు మార్చుకుని వచ్చి నాకు నోరు పుక్కిలించే మందు ఇచ్చింది.

ఆయన శవం ఉన్న పెట్టె హైదరాబాద్ విమానాశ్రయంలోనే దిగింది. అన్న వెళ్లి తీసుకున్నాడు. అంబులెన్సులో ఊరికి బయల్దేరేముందు ఆస్పత్రి ఉన్న రోడ్డు మీదుగా పోనిమ్మని డ్రైవర్‌ను అడిగాడట. "గేటు కాడ జరంత ఆపినం చెల్లె. గంతే జేసిన," అన్నాడు. నేను పైన, నాలుగు తలుపుల లోపల ఉన్నాను. తంగళ్ళపల్లిలో మరిది చితికి నిప్పు పెట్టాడు.

మేడంకు కూడా తెలుసు. తర్వాతి పరీక్షకు వెళ్లినప్పుడు నేనే అడిగాను.

"చెబితే తట్టుకుంటుందా అని మీ అమ్మగారు అడిగారు," అంది. "మీకప్పుడు జ్వరం, కణాలు సున్నా. నాకు తెలియదమ్మా అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అయితే ఒద్దు అని లోపలికి వెళ్లిపోయారు."

కోపం రావాలేమో. ఎవరి మీదా రాలేదు. నా లోపల అంతా బడి వదిలాక తరగతి గదిలా ఉంది. ఎవరు ఏ మాట చెప్పినా గోడలకు తగిలి తిరిగి వెళ్లిపోతోంది.

తంగళ్ళపల్లి వెళ్లాను. మనిషి పోయిన ఇంటికి వచ్చినవాళ్లు మెడ మీద పడి ఏడవడం మా వైపు పద్ధతి. నన్ను ఎవరూ తాకకూడదు. మాస్కు వేసుకుని లోపలి గదిలో కూర్చుంటే, ఆడవాళ్లు గుమ్మం అవతల నిలబడి ఏడ్చి పోయారు. నా బిడ్డను కూడా అంత దూరంలోనే కూర్చోబెట్టారు. అది నా బోడి తల చూసి, "డాడీ కోసం తీపిచ్చుకున్నవా?" అని అడిగింది. కాదు, మందుకు పోయిందని చెప్పాను. "డాడీ పెట్టెల అచ్చిండు. మొఖం మీద అద్దం ఉండె," అంది. అప్పుడు ఏడ్చాను. ఆ ఇంట్లో అందరికంటే చివర ఏడ్చింది నేనే.

అదే వారం, దూరపు చుట్టాలు ఇద్దరు ముసలమ్మలు వచ్చారు. ఆలస్యమైనా చేయాల్సినవి చేయాలన్నారు. గాజులు తొడిగి పగలగొట్టాలి, బొట్టు తీయాలి, పుస్తె తెంపాలి. మా అత్తమ్మ వాకిట్లో కూర్చుని విన్నంతసేపు విన్నది. తర్వాత లేచింది.

"ఏం తీస్తరు దానికి? గాజులు దవాఖానల తీసిండ్రు. పుస్తె తీసిండ్రు. మెట్టెలు తీసిండ్రు. నెత్తి మీది ఎంట్రుక తీసిండ్రు. ఒంట్ల రగుతం తీసి మల్ల పోసిండ్రు. ఇంక తీసేటిదేమున్నది దాని కాడ? మీరు పోండ్రి."

వాళ్లు వెళ్లిపోయారు. మళ్లీ ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

కొన్ని నెలలకు ఆయనతో ఒకే గదిలో ఉన్న మనిషి సెలవు మీద వచ్చాడు. మల్లాపూర్ అతను. అప్పటికి నేను బిడ్డతో కోరుట్లలో అమ్మ దగ్గర ఉంటున్నాను, అది తెలిసి వెతుక్కుంటూ వచ్చాడు. చాయ్ గ్లాసు చేతిలో పెట్టుకుని చాలాసేపు తాగలేదు.

"ఆ దినం ఎండ బగ్గ గొట్టింది అక్కా. పని కాడ రెండుమార్లు కూసున్నడు. ఏమైంది అంటె, ఏం కాలేదు, కండ్లు తిరిగినయన్నడు. రూముకచ్చి తానం జేసిండు. అన్నం సగమే తిన్నడు. నీకు జొరమచ్చిందని మీ అన్న చెప్పిండట. గదే ముచ్చట పెట్టుకుంట పండుకున్నడు."

"దవాఖానకు పోలేదా?"

"తెల్లారి పోదామన్న. వద్దన్నడు. నాకేమైతది, ఆడ నా పెండ్లానికి జొరముంటె అన్నడు."

చావు కాగితం మీద సహజ మరణమని ఉంది. ఎందుకు చనిపోయాడో ఎవరైనా పరీక్ష చేశారా అని అడిగాను. అతను తల అడ్డంగా ఊపాడు. గల్ఫ్ నుంచి పెట్టెలో వచ్చినవాళ్లందరి కాగితం మీదా అదే మాట ఉంటుందన్నాడు. ఆయన పోయిన ఆ వారాల్లోనే నా ఒంట్లోంచి ప్రతి పొద్దునా రక్తం తీసి, ఏ కణం ఎంత ఉందో చూసి, డాక్టర్లు నిలబడి మాట్లాడుకున్నారు. ఎండలో రెండుసార్లు కూలబడ్డ మనిషిని ఒక్కరూ నాడి పట్టి చూడలేదు. పోయాక కూడా చూడలేదు. చావుకు సిద్ధపడి కూర్చున్న నేను బతికాను. చావు ఆలోచనే లేని మనిషి పోయాడు. ఎంత ఆలోచించినా ఇది నా బుర్రలోకి ఇప్పటికీ సరిగా ఎక్కదు.

బతకడం కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఆ మందుతో చిన్నప్పుడు వేయించిన టీకాల బలం కూడా పోతుందట. మళ్లీ అన్నీ వేయించుకోవాలన్నారు. కోరుట్ల ఆస్పత్రిలో పసిపిల్లల తల్లుల వరసలో నేనూ కూర్చునేదాన్ని. కాగితం చూసి సిస్టర్, "పాప ఎక్కడ?" అని అడిగింది. "నేనే," అన్నాను. పక్కన చంటిపిల్లాడితో ఉన్న అమ్మాయి కిసుక్కున నవ్వి, ఎందుకో తెలిశాక కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం నవ్వే వచ్చింది. ఆయన పోయాక నేను పైకి నవ్వడం అదే మొదలు.

జుట్టు వచ్చింది, ఈసారి రింగులు తిరిగి. కోరుట్లలోనే ఒక బడిలో చేరాను. మెట్లెక్కితే ఆయాసం, ఉన్నట్టుండి నీరసం, చిన్న దగ్గుకే భయం. హైదరాబాద్ పరీక్షకు వెళ్లిన ప్రతిసారీ ముందు వారమంతా అన్నం సహించేది కాదు. నాతో పాటు ఆ గదుల్లో ఉన్నవాళ్లు కొందరు పరీక్షల దగ్గర కలిసేవాళ్లు. వేములవాడలో కొబ్బరికాయల కొట్టు నడిపే ఒకాయన ప్రతిసారీ పలకరించేవాడు. ఒక ఏడాది కనపడలేదు. ఎవరినైనా అడగాలంటే నోరు రాలేదు. ఆ మరుసటి ఏడాది మెట్ల మీద ఎదురై, "ఏందమ్మా, దయ్యాన్ని చూసినట్టు చూస్తవ్? నా డేటు మార్చిండ్రు అంతే," అన్నాడు.

అలా ఐదేళ్లు గడిచాయి. చివరి స్కాను చూసి మేడం కళ్లద్దాలు తీసింది.

"ఇంక ఏడాదికి ఒకసారి వస్తే చాలు. ఇన్నేళ్లు రానిది మళ్లీ వచ్చే అవకాశం చాలా తక్కువ. హాయిగా ఉండండి."

"నేను బతికినట్టేనా మేడం?"

"ఎప్పుడో బతికారు," అంది ఆమె.

బస్సులో సిరిసిల్లలో దిగి నేరుగా తంగళ్ళపల్లి వెళ్లాను. మా అత్తమ్మ వాకిట్లో కండెలు చుడుతోంది. సాంచాలు కొన్ని మళ్లీ నడుస్తున్నాయి, కూలి పని దొరుకుతోంది. మేడం చెప్పిన మాట చెప్పాను. ఆమె చేయి ఆగింది. రాట్నం దానంతట అదే కాసేపు తిరిగి నిలిచిపోయింది.

"నువ్వు బతుకుతవని నేనొక్కనాడు అనుకోలే బిడ్డా," అంది. "వాడు పోతడని అసలే అనుకోలే."

ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. తెగిన దారాలు ఒళ్లోంచి దులుపుకుని ఆమె లేచింది.

"పొద్దటి సంది ఏం తిన్నవో ఏమో. కాళ్లు కడుక్కో, అన్నం పెడుత," అంటూ లోపలికి నడిచింది.